సీతాకోకచిలుకలకు ఆశ్రయమిచ్చే వృక్షాలు - ఎంపికలో పాటించవలసిన మెలకువలు

తొలకరి జల్లులతో పాటే మొక్కలు నాటే కార్యక్రమాలు ఊపందుకుంటాయి. 1950లో అప్పటి కేంద్ర మంత్రి కె.ఎం.మున్షీ శ్రీకారం చుట్టిన వనమహోత్సవం నాటి నుంచి నేటి వరకు ప్రభుత్వ కార్యాలయాలు, పాఠశాలలు, ఆసుపత్రులు, రహదారుల వెంబడి ప్రతి ఏటా మొక్కలు నాటడం ఆనవాయితీగా వస్తున్నది. ఎన్ని మొక్కలు నాటారు, వాటిలో ఎన్ని బతికాయి అన్న రెండు ప్రశ్నలకు అధికారులు లెక్కలు సమర్పిస్తారు. నాటిన చెట్టును ఆశ్రయించి బతికే జీవులేవి అన్న మూడవ ప్రశ్న మాత్రం సమీక్షా సమావేశాలలో అరుదుగా వినిపిస్తుంది.

ఈ మూడవ ప్రశ్నకు అతి త్వరగా, అందరికీ కనిపించే విధంగా సమాధానం చెప్పగలిగేది సీతాకోకచిలుక. తగిన చెట్టు ఉన్నచోటికి అది పిలవకుండానే వస్తుంది. తగిన చెట్టు లేనిచోట ఎంత పచ్చదనం ఉన్నా నిలవదు. అందువల్ల ఒక ఆవరణలో సీతాకోకచిలుకలు తిరుగాడుతున్నాయంటే అక్కడి చెట్ల ఎంపిక సక్రమంగా జరిగిందనడానికి అదొక గుర్తుగా భావించవచ్చు. ఉద్యానవనాలు, కార్యాలయ ప్రాంగణాలు, ఇంటి పెరళ్ళలో పెంచే వృక్షాలను ఈ దృష్టితో ఎంపిక చేసుకోవడమెలాగో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పువ్వు విందు, ఆకు ఇల్లు

సీతాకోకచిలుకలు కావాలంటే పూలమొక్కలు పెంచితే చాలునన్న అభిప్రాయం సర్వత్రా ఉంది. ఇందులో సగమే సత్యం. రెక్కలు వచ్చిన సీతాకోకచిలుకకు పువ్వులోని మకరందం ఆహారం. అయితే దాని జీవితంలో ఆకును నమిలి తినే లార్వా దశ కూడా ఉంది. గుడ్డు, లార్వా, ప్యూపా, రెక్కల పురుగు అనే నాలుగు దశలూ పూర్తికావడానికి జాతిని, ఋతువును బట్టి సుమారు నెల రోజులు పడుతుంది. ఈ కాలంలో ఎక్కువ భాగం ఒకే చెట్టు మీద, దాని పరిసరాలలో గడుస్తుంది.

ఇక్కడే అసలు మెలకువ ఉంది. లార్వా ఏ ఆకు దొరికితే ఆ ఆకు తినదు. ప్రతి జాతికీ కొన్ని నిర్దిష్టమైన మొక్కలే ఆహారం. తల్లి సీతాకోకచిలుక ఆకు మీద వాలి, కాళ్ళలోని రుచి గ్రాహకాలతో ఆ ఆకు తన సంతానానికి పనికివస్తుందో లేదో పరీక్షించుకున్న తరువాతనే గుడ్డు పెడుతుంది. పరీక్షలో నెగ్గని చెట్టును విడిచి మరొక చెట్టును వెతుక్కుంటూ పోతుంది. అంటే పూలు అతిథికి విందు పెడతాయి. కాపురానికి ఇల్లు ఇచ్చేది ఆకు. పూలు మాత్రమే ఉన్న తోటకు సీతాకోకచిలుకలు వచ్చి పోతాయి. ఆహారపు ఆకు కూడా ఉన్న తోటలో అవి తరతరాలుగా నిలుస్తాయి.

ఇందుకు విశాఖపట్నం మంచి ఉదాహరణ. ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఆ నగర పరిసరాలలోని సీతాకోకచిలుకల జీవితచక్రాలను, అవి ఆశ్రయించే మొక్కలను, పరాగసంపర్కంలో వాటి పాత్రను అధ్యయనం చేసి పరిశోధన పత్రాలను వెలువరించారు. అధ్యయనం చేయదగినన్ని సీతాకోకచిలుకలు నగరం నడుమనే లభించడానికి అక్కడి చెట్టూ చేమే ఆధారమని వేరుగా చెప్పనవసరం లేదు.

ఏ చెట్టుకు ఏ సీతాకోకచిలుక

తెలుగునాట విరివిగా పెరిగే వృక్షాలలో అనేకం సీతాకోకచిలుకలకు పుట్టినిళ్ళు. సీతాకోకచిలుకలలో చాలావాటికి తెలుగులో వేరువేరు పేర్లు వాడుకలో లేనందున ఇక్కడ ప్రచారంలో ఉన్న ఆంగ్ల నామాలనే పేర్కొనడం జరిగింది.

నరమామిడి, సీతాఫలం, సంపంగి: కార్యాలయాల ప్రహరీ గోడల వెంట నిటారుగా పెరిగే, సాధారణంగా 'అశోక' అని వ్యవహరించే చెట్టు నిజానికి నరమామిడి. ఇతిహాసాలలో ప్రసిద్ధమైన అశోకం వేరే వృక్షం. నల్లని రెక్కలపై లేత ఆకుపచ్చ మచ్చలతో క్షణకాలం కూడా నిలవకుండా ఎగిరే 'టెయిల్డ్ జే' సీతాకోకచిలుక లార్వాలకు నరమామిడి ఆకులు ఆహారం. సీతాఫలం, సంపంగి ఆకులను కూడా అవి తింటాయి. కాబట్టి చాలా కార్యాలయాలలో సీతాకోకచిలుకల చెట్టు ఇప్పటికే ఉంది. లేత చిగుళ్ళ మీదనే ఈ సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది కనుక వరుసలోని చెట్లన్నింటినీ ఒకేసారి కత్తిరించకుండా, విడతలవారీగా కత్తిరిస్తే చాలు.

రేల, తంగేడు: వేసవిలో బంగారు గొలుసుల్లా పూలు వేలాడే రేల చెట్టు అందానికి పెట్టింది పేరు. దీని ఆకులు 'కామన్ ఎమిగ్రంట్' జాతి లార్వాలకు ప్రధాన ఆహారం. వర్షాలు కురిసి రేల చిగురించిన తరువాత లేత పసుపు, తెలుపు రంగుల సీతాకోకచిలుకలు చెట్టు చుట్టూ గుంపులుగా తిరగడం గమనించవచ్చు. తెలంగాణ రాష్ట్రం 2014లో రాష్ట్ర పుష్పంగా ప్రకటించిన తంగేడు కూడా ఇదే కుటుంబానికి చెందినది. తంగేడు పొద ఎమిగ్రంట్ జాతులకు, నేలకు దగ్గరగా ఎగిరే 'కామన్ గ్రాస్ యెల్లో'కు ఆహారమిస్తుంది. నీటి ఎద్దడిని తట్టుకుంటుంది కనుక రాయలసీమ జిల్లాలకు మిక్కిలి అనువైనది. దిరిసెన ఆకులపై కూడా గ్రాస్ యెల్లో లార్వాలు పెరుగుతాయి.

కరివేపాకు, నిమ్మ, మారేడు, వెలగ: ఈ చెట్లన్నీ ఒకే కుటుంబం. పసుపు, నలుపు గళ్ళ రెక్కల 'లైమ్ బటర్‌ఫ్లై' వీటి ఆకులపై పెరుగుతుంది. కరివేపాకు, నిమ్మ జాతులు, మారేడు 'కామన్ మార్మన్'కు కూడా పుట్టినిళ్ళే. వీటి లార్వాలు తొలి దశలో పిట్టరెట్టను పోలి ఉండి పక్షుల కంట పడకుండా తప్పించుకుంటాయి. పెరిగిన తరువాత ఆకుపచ్చ రంగుకు మారుతాయి. ముట్టుకుంటే తల వెనుక నుంచి రెండుగా చీలిన, ఘాటైన వాసన వేసే అవయవాన్ని బయటకు చాస్తాయి. మనిషికి దీనివల్ల ఏ హానీ లేదు. పెరట్లో కరివేపాకు చెట్టు ఉన్న ప్రతి ఇల్లూ ఈ విధంగా ఒక చిన్న సీతాకోకచిలుకల వనమే.

కానుగ: నీడకు, నేల సారానికి, నూనె గింజలకు ప్రసిద్ధి చెందిన కానుగ ఈ విషయంలోనూ ముందు వరుసలో నిలుస్తుంది. రివ్వున దూసుకుపోయే గోధుమ రంగు 'కామన్ బాండెడ్ ఆల్', పై వైపు నారింజ ఎరుపు, అడుగున వెండి తెలుపు రెక్కలు గల 'ఇండియన్ సన్‌బీమ్', లేత నీలి రంగు 'కామన్ సెరులియన్' లార్వాలు కానుగ చిగుళ్ళను ఆశ్రయిస్తాయి. రహదారుల వెంబడి నాటడానికి ఇంతకు మించిన దేశవాళీ వృక్షాలు కొద్దిగానే ఉన్నాయి.

మర్రి, రావి, మేడి: ఈ వృక్షాల ఆకులపై 'కామన్ క్రో' లార్వాలు పెరుగుతాయి. ఆకు అడుగున వేలాడే దీని ప్యూపా వెండి పూత పూసినట్లు మెరుస్తుంది. పండి రాలిన మర్రి, మేడి పండ్ల రసం కొన్ని జాతుల సీతాకోకచిలుకలకు ఆహారం. అన్ని సీతాకోకచిలుకలూ పువ్వుల మీదనే బతకవన్న విషయం ఈ చెట్ల కింద నిలబడితే తెలుస్తుంది.

చింత, మామిడి: వేగానికి పేరుపొందిన 'బ్లాక్ రాజా' లార్వాలకు చింత ఆకు ఆహారం. మామిడి ఆకు మధ్య ఈనె వెంట అతుక్కుని, ఇరుపక్కలా ఈకల వంటి ముళ్ళతో ఆకులో ఆకుగా కలిసిపోయే లార్వా 'కామన్ బారన్' జాతిది. ఈ రెండు చెట్లూ మన గ్రామాలకు కొత్తవి కావు. పాత చింతలు, మామిడి చెట్లు ఉన్న ఆవరణలలో కొత్త మొక్కలు నాటడం కంటే ఉన్న చెట్లను కాపాడుకోవడమే మొదటి కర్తవ్యం.

రేగు, నల్లతుమ్మ, ఉలిమిరి: తెల్లని రెక్కలపై నల్లని చుక్కలు గల 'కామన్ పియరో' రేగు మీద, 'బాబుల్ బ్లూ' జాతి చిన్న నీలి సీతాకోకచిలుకలు తుమ్మ మీద పెరుగుతాయి. ముళ్ళ కారణంగా ఇవి రహదారి పక్కన పనికిరాకపోయినా చెరువు గట్లకు, విశాలమైన ప్రాంగణాల అంచులకు తగినవి. ఉలిమిరి చెట్టు 'గ్రేట్ ఆరెంజ్ టిప్'కు ఆహారవృక్షం. తెల్లని రెక్కల కొసన నారింజ రంగు గల ఈ సీతాకోకచిలుక తన కుటుంబంలో మన దేశంలోకెల్లా పెద్దది. ఉలిమిరి పూలు కూడా నేత్రపర్వంగా ఉంటాయి. అయినప్పటికీ నర్సరీలలో ఈ మొక్క అరుదుగా కనిపిస్తుంది.

ఇక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో రాష్ట్ర వృక్షంగా ప్రకటించిన వేప విషయం. వేప చేదు ఆకును ఆశ్రయించే సీతాకోకచిలుకలు అరుదు. నీడకు, ఆరోగ్యానికి, కరవును తట్టుకునే శక్తికి వేపకు సాటి లేదు. కాబట్టి వేపను తగ్గించనవసరం లేదు. వేపల వరుసలో అక్కడక్కడ కానుగ, రేల చేర్చితే రెండు ప్రయోజనాలూ నెరవేరుతాయి.

చెట్టు నీడన పొదలు, తీగలు

చెట్టు ఒక్కటే సరిపోదు. దాని కింద, పక్కన పొదలు, తీగలు కలిసినప్పుడే ఆవాసం సంపూర్ణమవుతుంది. నూరువరహాలు, మందారం, బంతి వంటివి మకరందాన్నిస్తాయి. నేరేడు, రేగు, కుంకుడు వంటి చెట్లు పూసినప్పుడు చిన్న సీతాకోకచిలుకలు, తేనెటీగలు ముసురుకుంటాయి. ఎవరూ నాటకుండానే మొలిచే గడ్డిచామంతి మకరందానికి పెద్ద ఆధారం. కలుపు అని దీనిని ఆసాంతం పెరికివేయకుండా ఆవరణలో ఒక మూల విడిచిపెట్టడం మంచిది.

'కామన్ రోజ్', 'క్రిమ్సన్ రోజ్' జాతులకు ఈశ్వరి తీగ ఆహారం. ఆ ఆకులోని విషపదార్థాలను శరీరంలో నిలువ చేసుకున్నందువల్ల వీటిని పక్షులు ముట్టవు. కామన్ మార్మన్ ఆడ సీతాకోకచిలుకలలో కొన్ని ఇవే రూపాలను అనుకరించి ప్రాణాలు కాపాడుకుంటాయి. 'ప్లెయిన్ టైగర్' జిల్లేడు మీద పెరుగుతుంది. గిలిగిచ్చ మొక్కలకు టైగర్, క్రో జాతుల మగ సీతాకోకచిలుకలు బారులు తీరుతాయి. చెట్ల కొమ్మలపై పెరిగే బదనిక సైతం 'కామన్ జెజెబెల్'కు పుట్టినిల్లు. బదనిక ఎక్కువైతే చెట్టు కుంగిపోతుంది కనుక దానిని అదుపులో ఉంచాలి. అయితే ప్రతి కొమ్మనూ శోధించి నిర్మూలించవలసిన పని లేదు.

టైగర్ జాతులలో నల్లని రెక్కలపై నీలి చారలు గల 'బ్లూ టైగర్' ప్రత్యేకంగా పేర్కొనదగినది. దీని ప్రజాతికి ఫ్రెడరిక్ మూర్ అనే శాస్త్రజ్ఞుడు 1880లో 'తిరుమల' అని నామకరణం చేశాడు. తెలుగువారికి సుపరిచితమైన ఆ పేరుతో ప్రపంచవ్యాప్తంగా శాస్త్రగ్రంథాలలో నమోదైన ఈ సీతాకోకచిలుకలు క్రో జాతులతో కలిసి దక్షిణ భారతంలో తూర్పు, పశ్చిమ కనుమల మధ్య ఋతువులను అనుసరించి వలసపోతాయి. మార్గమధ్యంలోని పూలమొక్కలు, చెట్ల తోపులు వాటికి మజిలీలు. ఒక పట్టణంలోని చిన్న ఉద్యానవనం కూడా ఇటువంటి మజిలీ కావచ్చు.

వేగంగా పెరిగేవే మేలైనవి కావు

త్వరగా పెరగాలి, పశువులు తినకూడదు, ఏడాది పొడవునా పచ్చగా ఉండాలి, ఆకు రాలకూడదు - మొక్కల ఎంపికలో సాధారణంగా చూసే లక్షణాలివి. ఈ కొలబద్దలతో చూస్తే కోనోకార్పస్ వంటి విదేశీ జాతులు అగ్రస్థానంలో నిలుస్తాయి. అనేక నగరాలలో రహదారి విభాగినులపై, ప్రాంగణాల చుట్టూ దీనిని విస్తారంగా నాటడానికి కారణమిదే. అయితే మన సీతాకోకచిలుకల ప్రధాన ఆహారవృక్షాలలో దీని పేరు కానరాదు. పర్యావరణం, ప్రజారోగ్యంపై దీని ప్రభావం గురించి ఆందోళన వ్యక్తమైన మీదట గుజరాత్ ప్రభుత్వం 2023లో ఈ మొక్కను నాటడాన్ని నిషేధించింది.

విదేశీ వృక్షాలన్నీ నిరుపయోగమని దీని భావం కాదు. మడగాస్కర్ నుంచి వచ్చిన తురాయి పూలలోని మకరందం కోసం పెద్ద సీతాకోకచిలుకలు వస్తాయి. నీలగిరి పూలకు తేనెటీగలు వస్తాయి. కానీ ఒక ఆవరణ మొత్తం ఇటువంటి చెట్లతోనే నిండిపోతే విందు ఉంటుంది, ఇల్లు ఉండదు.

2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను ఆ నగర పచ్చదనాన్ని ఒక్క రోజులో తుడిచిపెట్టింది. పెద్ద వృక్షాలు వేళ్ళతో సహా నేలకొరిగాయి. తుపానుల తరువాత తిరిగి మొక్కలు నాటవలసి వచ్చినప్పుడల్లా త్వరగా పచ్చదనం కనిపించాలన్న తొందర సహజం. ఆ తొందరలో తీసుకున్న నిర్ణయం రాబోయే ముప్పై, నలభై ఏళ్ళపాటు ఆ వీధిలో ఏ జీవులు బతకాలో నిర్ణయిస్తుంది. తీరప్రాంత జిల్లాలకు తుపానులు తప్పవు కనుక లోతుగా వేళ్ళూనే దేశవాళీ జాతులను, వేగంగా పెరిగే జాతులను కలిపి, ఒకే జాతిపై ఆధారపడకుండా నాటడం అన్ని విధాలా శ్రేయస్కరం.

స్థలాన్ని బట్టి ఎంపిక

విశాలమైన ప్రాంగణాలు, చెరువు గట్లు: మర్రి, రావి, మేడి, చింత, మామిడి. వీటి మధ్య కనీసం 10 నుంచి 12 మీటర్ల ఎడం ఉండాలి. భవనాల గోడలకు, నీటి గొట్టాలకు దూరంగా నాటాలి.

రహదారుల వెంబడి: కానుగ, రేల, దిరిసెన, నేరేడు. విద్యుత్ తీగల కింద ఎత్తయిన చెట్లు నాటి, తరువాత ఏటా తలలు నరకడం వృథా ప్రయాస. అటువంటి చోట తంగేడు, కరివేపాకు, నూరువరహాలు వంటి పొట్టి జాతులే తగినవి.

కార్యాలయాలు, ఆసుపత్రులు: నరమామిడి, సంపంగి, రేల, మారేడు. ఎండ ధారాళంగా పడే చోట పొదలు ఉండాలి. సీతాకోకచిలుకలు ఎండలో రెక్కలు విప్పి శరీరాన్ని వేడెక్కించుకున్న తరువాతనే చురుకుగా ఎగరగలుగుతాయి.

పాఠశాలలు, అంగన్వాడీలు: కరివేపాకు, నిమ్మ, సీతాఫలం, రేల. గన్నేరు విషపూరితం, జిల్లేడు పాలు కంటికి ప్రమాదకరం కాబట్టి చిన్నపిల్లలు తిరిగే చోట ఈ రెండింటినీ నాటరాదు.

ఇంటి పెరడు: స్థలం కొద్దిగా ఉన్నవారు ఒక కరివేపాకు, ఒక నిమ్మ, రెండు మూడు పూలమొక్కలు పెంచినా సరిపోతుంది. కుండీలలో పెంచిన కరివేపాకు మీద సైతం సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి.

ఎక్కడైనా ఒక మూల తడి మట్టి ఉండేలా చూడాలి. మగ సీతాకోకచిలుకలు గుంపులుగా వాలి అక్కడి లవణాలను పీల్చుకుంటాయి. ఇందుకు నీరు నిలువ ఉండనవసరం లేదు. మట్టి తడిగా ఉంటే చాలు. దోమల బెడదకు తావివ్వరాదు.

నైరుతి రుతుపవనాలు స్థిరపడిన తరువాత, జూన్, జూలై నెలలు నాటడానికి అనువైనవి. ఈశాన్య రుతుపవనాల వర్షం ఎక్కువగా పొందే నెల్లూరు పరిసరాలలో అక్టోబరు నెల కూడా కలిసివస్తుంది. అయితే నర్సరీలలో మొక్కల పెంపకం అంతకు అనేక నెలల ముందే మొదలవుతుంది. కార్యాలయాలు తమ ఇండెంటులో మొక్కల సంఖ్యను మాత్రమే పేర్కొంటే సులువుగా పెరిగే జాతులే సరఫరా అవుతాయి. ఏ జాతులు, ఒక్కొక్కటి ఎన్ని అన్నది ఇండెంటులోనే స్పష్టంగా పేర్కొంటే ఉలిమిరి, రేల, కానుగ వంటి మొక్కలను ముందుగా పెంచే వీలు కలుగుతుంది. అసలు ఎంపిక గుంత తవ్విన రోజున కాక, ఇండెంటు రాసిన రోజునే జరుగుతుందని అధికారులు గుర్తించాలి.

చిల్లుపడిన ఆకు లోపం కాదు

తగిన చెట్లు నాటిన తరువాత కూడా సీతాకోకచిలుకలు నిలవకపోవడానికి ముఖ్య కారణం పురుగుమందులు. ఆకుకు చిల్లులు పడగానే తోట నిర్వహణ సరిగా లేదని తనిఖీ అధికారులు ఆక్షేపించడం, ఆ వెంటనే తోటమాలి మందు పిచికారీ చేయడం పరిపాటి. రేల చెట్టు ఆకులు తిన్న ఎమిగ్రంట్ లార్వాలు ఆ విధంగా నశిస్తాయి. మరుసటి నెలలో సీతాకోకచిలుకలు కనిపించడం లేదేమని ఆశ్చర్యపడేది కూడా ఆ అధికారులే. ఎదిగిన, ఆరోగ్యవంతమైన చెట్టు లార్వాలు తిన్న ఆకుల స్థానంలో తిరిగి చిగుళ్ళు వేస్తుంది. అలంకారానికి పెంచిన చెట్లపై ఈ కారణంగా మందు చల్లవలసిన అవసరం సాధారణంగా ఉండదు.

జీవ సంబంధమైన మందులు హానిచేయవన్న అపోహ కూడా ఉంది. గొంగళిపురుగుల నివారణకు వాడే బి.టి. మందు పంటను తినే పురుగును, సీతాకోకచిలుక లార్వాను వేరుచేసి చూడదు. వేపనూనె ద్రావణం కూడా లార్వాల ఎదుగుదలను దెబ్బతీస్తుంది. దోమల నివారణకు వదిలే పొగను నేరుగా పొదల మీదికి మళ్ళించకుండా, నీటి నిలువలను తొలగించడంపై ఎక్కువగా దృష్టి పెట్టడం మేలు.

ఇందుకు మరొక అవరోధం భయం. మునగ చెట్టును పట్టే గొంగళిపురుగులు తాకితే ఒళ్ళంతా దురద పుడుతుందని అందరికీ అనుభవమే. అవి చిమ్మటల లార్వాలు. ఒళ్ళంతా దట్టంగా నూగు గల గొంగళిపురుగులలో అధికభాగం చిమ్మటలవే. నిమ్మ, కరివేపాకు, రేల, నరమామిడిపై పెరిగే సీతాకోకచిలుక లార్వాలకు అటువంటి నూగు ఉండదు. ఈ తేడాను పాఠశాల విద్యార్థులకు, తోటమాలులకు ఒక్కసారి చెట్టు వద్దకు తీసుకువెళ్ళి చూపిస్తే అనవసరపు భయం తొలగిపోతుంది.

నిమ్మ రైతుల విషయంలో జాగ్రత్త

ఇంటి పెరట్లో ముచ్చట గొలిపే లైమ్ బటర్‌ఫ్లై నిమ్మ, బత్తాయి నర్సరీలలో పంటకు శత్రువు. లేత మొక్కల ఆకులను లార్వాలు పూర్తిగా తినివేస్తే మొక్క ఎదుగుదల కుంటుపడుతుంది. గూడూరు ప్రాంతంలోని నిమ్మతోటలకు, అనంతపురం ప్రాంతంలోని బత్తాయి తోటలకు ఆనుకొని ఉన్న గ్రామాలలో సీతాకోకచిలుకల కోసం నిమ్మజాతి చెట్లను ప్రత్యేకంగా నాటడం యుక్తం కాదు. అక్కడ రేల, కానుగ, నరమామిడి వంటివి ఎంచుకోవాలి. నర్సరీలలో పురుగు తక్కువగా ఉన్నప్పుడు లార్వాలను చేతితో ఏరివేయడం మందు చల్లడం కంటే చౌక, సురక్షితం. రైతు నష్టపోయే పద్ధతిలో పర్యావరణ పరిరక్షణ ఎంతోకాలం సాగదు.

ఖర్చు లేని కొలమానం

నాటిన మొక్కల ప్రయోజనాన్ని అంచనా వేయడానికి సీతాకోకచిలుకల లెక్కింపు సులభమైన మార్గం. వానలు తెరిపి ఇచ్చిన తరువాత, ఆగస్టు నుంచి నవంబరు వరకు ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. వారానికొక రోజు, ఎండ కాసిన ఉదయం వేళ, అరగంటపాటు ఒకే దారిలో నడుస్తూ కనిపించిన రకాలను, వాలిన చెట్టును నమోదు చేసుకుంటే చాలు. పేరు తెలియకపోయినా రంగు, పరిమాణం రాసుకోవచ్చు. పాఠశాలల్లోని హరిత క్లబ్బులు, కళాశాల వృక్షశాస్త్ర విభాగాలు ఈ పనిని చేపట్టవచ్చు. రెండు మూడేళ్ళ నమోదు చేతిలో ఉంటే ఏ జాతి మొక్క నాటిన తరువాత ఏ సీతాకోకచిలుక వచ్చిందో స్పష్టమవుతుంది. మరుసటి ఏడాది ఇండెంటుకు అదే ఆధారం. సీతాకోకచిలుకలను పట్టి సూదులతో గుచ్చి భద్రపరచవలసిన అవసరం లేదు. కొన్ని జాతులకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పిస్తున్నదని కూడా గుర్తుంచుకోవాలి.

బెంగుళూరు సమీపంలోని బన్నేరుఘట్టలోను, తిరుచిరాపల్లి వద్ద శ్రీరంగంలోను సీతాకోకచిలుకల ఉద్యానవనాలు వేలాది సందర్శకులను ఆకర్షిస్తున్నాయి. మహారాష్ట్ర 2015లో 'బ్లూ మార్మన్'ను రాష్ట్ర సీతాకోకచిలుకగా ప్రకటించింది. అటువంటి పెద్ద ప్రయత్నాలకు నిధులు, స్థలం అవసరం. కానీ ఒక మండల కార్యాలయ ఆవరణలో నాలుగు రేల చెట్లు, ఒక మారేడు, గోడ వెంట కరివేపాకు నాటి, మందు చల్లకుండా ఉంచడానికి అదనంగా ఒక్క రూపాయి కూడా ఖర్చు కాదు. నాటే మొక్కల సంఖ్య మారదు. గుంత ఖర్చు మారదు. మారవలసింది ఎంపిక మాత్రమే.

పత్రికా విలేకరులు సైతం మొక్కలు నాటే కార్యక్రమాల వార్తలలో సంఖ్యతో పాటు జాతుల పేర్లను కూడా అడిగి తెలుసుకుని ప్రచురిస్తే ప్రజలలో ఈ అవగాహన పెరుగుతుంది. నాటిన రోజున తీసిన ఛాయాచిత్రానికి తోడు మూడేళ్ళ తరువాత అదే చెట్టును చూడబోతే, దాని ఆకులకు నాలుగు చిల్లులు, దాని చుట్టూ నాలుగు రెక్కలు కనిపించిన నాడు ఆ కార్యక్రమం సఫలమైనట్లు భావించవచ్చు. 'వృక్షో రక్షతి రక్షితః' అన్నది పెద్దల మాట. మనం రక్షించిన వృక్షం మనతో పాటు మరెన్నో ప్రాణులను రక్షిస్తుందని సీతాకోకచిలుకలు ప్రతి వానాకాలమూ గుర్తుచేస్తూనే ఉన్నాయి.